వంటకి వాటా

మా వారి ఉద్యోగం కోసం జకార్తా వచ్చి రెండేళ్ళవుతోంది. ఇక్కడ ఎటు వెళ్ళినా ఒక పాడాంగ్ హోటల్ కనిపిస్తుంది. బోర్డు మీద ‘రుమా మకన్’ అని రాసి ఉంటుంది. రుమా అంటే ఇల్లు, మకన్ అంటే తినడం. హోటల్ పేరులోనే ఇల్లుంది చూశారా!

చాలా వాటిలో మెనూ కార్డు ఇవ్వరు. వెయిటరు చేతి మీద పళ్ళేలు దొంతరగా పేర్చుకొచ్చి బల్ల నిండా పరిచేస్తాడు. కొబ్బరిపాలలో ఉడికించిన కర్రపెండలం ఆకులు, ఎర్ర కారం పట్టించిన గుడ్లు, పచ్చిమిర్చి సంబల్, కొబ్బరిపాలు పూర్తిగా ఇగిరేదాకా గంటల తరబడి వండిన మాంసం రెండాంగ్. తిన్నవాటికే డబ్బు, ముట్టనివి వెనక్కి తీసుకెళ్తారు. లేత పనసకాయ కూర కూడా ఉంటుంది. మా అత్తయ్యగారు పనసపొట్టుకి ఆవ పెడతారు, వీళ్ళు కొబ్బరిపాలు పోస్తారు. అంతే తేడా.

ఇదంతా పశ్చిమ సుమత్రాలోని మినాంకబావు వాళ్ళ ఇంటి వంట. వాళ్ళలో వంశం తల్లి వైపు నుంచి లెక్క. పూర్వీకుల ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి వస్తాయి. మగపిల్లలు బతుకుతెరువు వెతుక్కుంటూ పై ఊళ్ళకి వెళ్ళడం ఆనవాయితీ. అలా వెళ్ళినవాళ్ళలో చాలామంది, ఇంట్లో తిన్న వంటనే నమ్ముకుని హోటళ్ళు పెట్టుకున్నారు.

ఇంకో సంగతి తెలిశాక నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. పాత పద్ధతిలో నడిచే పాడాంగ్ హోటళ్ళలో పనివాళ్ళకి నెల జీతం బదులు లాభంలో వాటా ఉంటుంది. దాన్ని ‘మాతో’ అంటారు. పనిని బట్టి ఎవరికి ఎన్ని మాతోలో ముందే అనుకుంటారు. వంటవాడికీ లెక్క ఉంటుంది, పళ్ళేలు కడిగేవాడికీ ఉంటుంది.

మా అత్తయ్యగారు నలభై ఏళ్ళు పదిమందికి వండారు. మామయ్యగారు వీలునామా రాయకుండానే పోయారు. మొన్న ఇల్లు పంచుకుందామని ముగ్గురు కొడుకులూ కూర్చుంటే మూడు వాటాలే వేశారు. “నాకెందుకమ్మా, ఎవరి దగ్గరో ఇంత తింటాను” అన్నారావిడ. ఇంతకీ వీలునామా లేకపోతే పిల్లలతో సమానంగా భార్యకీ వాటా ఉందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెబుతోంది.

ఇంకా రిజిస్ట్రేషన్ కాలేదు. “వాటాలు మూడు కాదు, నాలుగు. ముందు అత్తయ్యగారి పేరు రాయించండి” అన్నాను మా వారితో. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి వాళ్ళ అన్నయ్యకి చేశారు.

మీ ఇంట్లో కూడా ఒకసారి లెక్క చూడండి.