మూడు గంటల దూరం

లక్షద్వీపాల్లోని అగత్తి విమానాశ్రయం నుంచి అండమాన్లలోని పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) సరళరేఖలో దూరం సుమారు 2,240 కిలోమీటర్లు. జెట్ విమానానికి మూడు గంటల పని. అక్షాంశ రేఖాంశాలు ముందు పెట్టుకుని ఈ లెక్క నేనే వేశాను, 2009 జూలైలో ఒక చీకటి వేకువన.

అప్పుడు నేను కట్టడం పనిమీద అగత్తిలో ఉన్నాను. నాన్నగారు పోర్ట్ బ్లెయిర్‌లో అన్నయ్య దగ్గర ఉండేవారు. మా సొంత ఊరు తుని. భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖాంశం మా ఊరికి అతి సమీపంగా పోతుంది. దానికి పడమటగా పది డిగ్రీల చిల్లర దూరంలో నేను, తూర్పుగా దాదాపు అంతే దూరంలో అన్నయ్య. ఇద్దరి గడియారాల్లోనూ ఒకటే సమయం, సూర్యుడు మాత్రం నా దగ్గరకు ఎనభై నిమిషాలు ఆలస్యంగా వచ్చేవాడు.

ఆ మంగళవారం అయిదింటికి అన్నయ్య ఫోను చేసేసరికి అక్కడ తెల్లవారింది. "నాన్నను ఆసుపత్రిలో చేర్చాంరా, నీతో మాట్లాడతారట" అన్నాడు. ఆ రోజుల్లో రెండు చోట్లకూ సముద్రగర్భ కేబులు లేదు. మా మాటలు ముప్ఫై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాన్ని తాకి దిగిరావాలి. అందువల్ల ప్రశ్నకూ జవాబుకూ నడుమ క్షణకాలం మౌనం. "వస్తున్నావా?" అన్నారు నాన్నగారు. ఆ మౌనాన్ని ఆయన నా సంకోచం అనుకుంటారేమోనన్న భయంతో, "మూడు గంటల దూరమే కదా నాన్నగారూ, వచ్చేస్తాను" అన్నాను.

నేరుగా పోయే విమానమే లేదు. అగత్తి రన్‌వే పొడవు పన్నెండు వందల మీటర్లు, అటూ ఇటూ సముద్రం. జెట్లు దిగవు. కొచ్చి నుంచి వచ్చే చిన్న విమానమే దిక్కు. ఆనాడు వానకు అదీ రద్దయింది. బుధవారం కొచ్చి చేరి, అక్కడినుంచి చెన్నై వెళ్లేసరికి సాయంత్రమైంది. పోర్ట్ బ్లెయిర్‌కు అప్పట్లో ఉదయపు విమానాలే ఉండేవి. రాత్రంతా చెన్నై విమానాశ్రయంలో ఇనుప కుర్చీ మీద కూర్చుని మళ్లీ లెక్కలు వేశాను. (మనసు నిలవనప్పుడు నాకదొక జాడ్యం.) కొచ్చి, చెన్నైల మీదుగా మొత్తం దూరం దాదాపు 2,350 కిలోమీటర్లు. సరళరేఖ కన్నా నూట పది కిలోమీటర్లే ఎక్కువ! గాలిలో గడిపేది నాలుగున్నర గంటలు. తక్కినదంతా నిరీక్షణే.

గురువారం ఉదయం దిగేసరికి, ఫోను వచ్చి యాభై గంటలు దాటింది. నాన్నగారికి అంతకు ముందు రాత్రే మాట పడిపోయింది. చెయ్యి పట్టుకుంటే వేళ్లు కదిలాయి, అంతే.

బయటి వరండాలో వదిన కాఫీ అందిస్తూ చాలాసేపు ఊరుకుని, చివరికి చెప్పింది. మాట పడిపోయేదాకా నాన్నగారు వచ్చినవాళ్లనల్లా టైమెంతైందని అడుగుతూనే ఉన్నారట.