పిల్లికి పెట్టిన ముద్ద

మిష్కాత్ పాఠంలో పిల్లి ప్రస్తావన గల రెండు హదీసులను నేను ఇరవై ఆరేళ్లుగా విద్యార్థులకు బోధిస్తున్నాను. ఒకటి, పిల్లిని బంధించి, తాను తిండి పెట్టకుండా, బయట తిరిగి పురుగూ పుట్రా తినడానికీ వదలకుండా చంపిన స్త్రీ నరక శిక్షకు గురైన ఉదంతం. రెండవది హజ్రత్ అబూ ఖతాదా (రజి) గారిది. ఆయన వుజూ కోసం కోడలు నీళ్లు పోసి ఉంచితే ఒక పిల్లి వచ్చింది. అది తాగేందుకు వీలుగా ఆయన పాత్రను వంచి పట్టుకున్నారు. కోడలు ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అశుద్ధమైనది కాదనీ, అది మన మధ్య తిరుగాడే ప్రాణుల్లో ఒకటనీ దైవప్రవక్త (స) సెలవిచ్చారని చెప్పారు.

ఈ రెండవ హదీసు చెప్పే రోజున నేను పిల్లలను మత్బఖ్ వెనక్కి తీసుకుపోయేవాణ్ణి. దస్తర్‌ఖాన్ ఎత్తిన తరువాత మిగిలిన బగారా అన్నం, దాల్చాలోని ఎముకలు ఒక పళ్లెంలో వేసి అక్కడ పెట్టించడం నేను మొదలుపెట్టిన ఆనవాయితీయే. మొదట రెండు పిల్లులు వచ్చేవి. మూడేళ్లు తిరిగేసరికి పదకొండయ్యాయి. అన్ని పిల్లులు మన గడపన కడుపు నింపుకుంటున్నాయంటే ఎంత పుణ్యమో అనుకున్నాను. ఎవరైనా అతిథులు వస్తే కాస్త గర్వంగానే చూపించేవాణ్ణి కూడా.

రెండేళ్ల కిందట, షవ్వాల్ మాసంలో తరగతులు మొదలైన కొత్తలో, ఒక పాత విద్యార్థి ఆస్ట్రేలియా నుండి ఫోను చేశాడు. పెర్త్ నగరంలో ఉంటున్నాడు. పని మీద కొన్ని నెలలు క్రిస్మస్ ద్వీపానికి వెళ్లాడట. పేరు విని నేను నవ్వాను. 1643లో క్రిస్మస్ రోజున ఒక ఆంగ్ల నౌక ఆ దారిన పోవడం వల్ల ఆ పేరు వచ్చిందనీ, అక్కడ తాను జుమా నమాజు చేసింది మాత్రం మలయ్ ముస్లిముల మసీదులోననీ చెప్పాడు. జావాకు దక్షిణంగా, హిందూ మహాసముద్రంలో 135 చదరపు కిలోమీటర్ల చిన్న దీవి. పంతొమ్మిదో శతాబ్దం చివరి వరకు అక్కడ మనుషులు స్థిరపడలేదు. ఫాస్ఫేటు గనుల కోసం వచ్చిన చైనీయుల, మలయ్‌ల సంతతివారే నేటి నివాసుల్లో ఎక్కువ మంది. మొత్తం జనాభా 1,700కు అటూ ఇటూ.

మనుషులతో పాటు ఆ దీవికి పిల్లులూ చేరాయి. కొన్ని ఇళ్లు వదిలి అడవి పట్టాయి. సముద్రపు అంచున నేల మీద గుడ్లు పెట్టే ఎర్రతోక పక్షుల పిల్లలను, అడవిలోని బల్లులను, పిట్టలను తింటున్నాయి. అందుకని అక్కడి ప్రభుత్వం, ఇంటి పిల్లులకు విధిగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించి, నమోదు చేయించాలనీ, బయటి నుండి కొత్త పిల్లిని తేకూడదనీ నియమం పెట్టింది. అడవి పట్టిన వాటిని బోనుల్లో పట్టి చంపుతోంది. “హజ్రత్, మసీదులో ఒక పెద్దాయన నన్ను అడిగారు, ఇది ధర్మసమ్మతమేనా అని. నాకు మీ పాఠం గుర్తొచ్చింది. ఏం చెప్పమంటారు?” అన్నాడు.

నేను క్షణం ఆలోచించలేదు. “నోరులేని ప్రాణిని చంపడానికి మీకేం హక్కుంది? పిల్లి వల్ల నరకానికి పోయిన స్త్రీ సంగతి ఆ పెద్దాయనకు చెప్పు” అన్నాను. అతడు “సరే హజ్రత్” అని ఫోను పెట్టేశాడు. ఆ గొంతులో ఏదో వెలితి ఉంది. నేను పట్టించుకోలేదు.

తరువాతి నెల జుల్‌ఖాదా. మండుటెండలు. మదరసా వెనుక కంకర పోసిన ఖాళీ జాగాలో ఒక తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. తీతువు రాత్రిపూట కూస్తే ఇంట్లో చావు తప్పదని మన పల్లెల్లో భయపడతారు, మన ముస్లిం ఇళ్లల్లో కూడా. శకునాలను నమ్మడం మన ధర్మంలో లేదని పిల్లలకు చెప్పడానికి మంచి అవకాశం దొరికిందనుకున్నాను. ఆ పిట్ట గూడు కట్టదు. నేల మీద రాళ్లు కాస్త పక్కకు జరిపి, మట్టి రంగులో నల్లమచ్చలున్న గుడ్లు పెడుతుంది. ఎండ ముదిరినప్పుడు మా వుజూ హౌజు నుండి పారే నీళ్లలో దిగి, కడుపు ఈకలు తడుపుకొని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరిచేది. హిఫ్జ్ తరగతి పిల్లలు అసర్ నమాజు తరువాత బారులు తీరి దూరం నుండే చూసేవారు. దగ్గరికి పోవద్దని నేనే ఒక గీత గీయించాను. నా గీత పిల్లలకే గాని పిల్లులకు తెలియదు కదా.

దాదాపు నాలుగు వారాలకు గుడ్లు పిగిలాయి. పిల్లలు పుట్టిన కొద్ది గంటలకే నడుస్తాయి. అపాయం అనిపిస్తే తల్లి కేకకు కదలకుండా నేలకు అతుక్కుపోతాయి. ఆ ఉపాయం డేగ కన్ను కప్పగలదేమో గాని, వాసన పట్టి వెతికే పిల్లిని ఏం చేయగలదు? రెండు రాత్రులలో నాలుగూ పోయాయి. ఫజర్ వేళకు తల్లి తీతువు ఆకాశంలో తిరుగుతూ అరుస్తూనే ఉంది. మా పెద్ద చారల పిల్లి మత్బఖ్ గడప మీద కూర్చుని ముఖం తుడుచుకుంటోంది. దాని పళ్లెంలో రాత్రి పెట్టిన అన్నం సగం అలాగే ఉంది. ఆకలితో వేటాడలేదన్నమాట.

హిఫ్జ్ తరగతిలో పదేళ్ల పిల్లవాడొకడు ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబరుచుకుని నా దగ్గరికి వచ్చాడు. “హజ్రత్, పిల్లిని ఆకలితో చంపినామెకు శిక్ష పడింది కదా. మనం అన్నం పెట్టి పెంచిన పిల్లి ఈ పిట్ట పిల్లల్ని చంపితే, ఎవరిని అడుగుతారు?”

నా దగ్గర జవాబు లేదు. “పోయి సబఖ్ చదువుకో” అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఆ రాత్రి ఇషా తరువాత కుతుబ్‌ఖానాలో కూర్చున్నాను. విద్యార్థి మస్అలా అడిగిన రోజున నేను తెరవాల్సిన పుస్తకాలు అప్పుడు తెరిచాను. ఫతావా హిందియ్యాలో మన హనఫీ పండితుల అభిప్రాయం స్పష్టంగా ఉంది. హాని చేసే పిల్లిని కొట్టకూడదు, చెవి మెలిపెట్టకూడదు. తప్పనిసరైతే పదునైన కత్తితో జబహ్ చేయాలి. అంటే హింసించడాన్ని నిషేధించారు గాని, హానిని నివారించడాన్ని కాదు. ప్రయోజనం ఉన్నప్పుడు, లేదా హాని తొలగించడానికి, పిల్లికి బీజాలు తీయించడంలోనూ తప్పు లేదని అక్కడే ఉంది. ఇమాం నవవీ (రహ్మ) గారి మిన్హాజ్‌లో మరో మాట చూసి ఆగిపోయాను. పక్షులను, తిండిని పాడుచేసే అలవాటున్నదని తెలిసిన పిల్లి చేసే నష్టానికి, అది పగలు జరిగినా రాత్రి జరిగినా, దాని యజమానిదే బాధ్యత. ఆయన చెప్పింది యజమానులున్న పక్షుల గురించే. తీతువు పిట్టకు యజమాని లేడు, పరిహారం అడిగే వకీలూ లేడు. మా పిల్లులకూ యజమాని లేడని తప్పుకోవచ్చు. కాని పళ్లెం పెట్టింది ఎవరు?

అబూదావూద్‌లో హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసు నాకు కంఠస్థమే. ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పిట్ట పిల్లలను పట్టుకున్నారు. తల్లి వచ్చి రెక్కలు కొట్టుకుంటుంటే దైవప్రవక్త (స) చూసి, దీని పిల్లలను తీసి దీన్ని బాధపెట్టినదెవరని అడిగి, తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు. ఈ హదీసూ నేను ఏటా చెప్పేదే. పిల్లి హదీసు ఒక పాఠంలో, పిట్ట హదీసు ఇంకో పాఠంలో ఉన్నాయి. రెండింటినీ ఒకచోట పెట్టి చూడాలని ఇరవై ఆరేళ్లలో తోచలేదు.

మరునాడు పెర్త్‌కు ఫోను చేసి, నేను తొందరపడ్డానని ఒప్పుకున్నాను. పిల్లి వేటాడడం అల్లాహ్ దానికిచ్చిన స్వభావం, దానిలో దాని నేరం లేదు. అది లేని దీవికి దాన్ని మోసుకెళ్లిన మనిషి మీదే భారం ఉంది. పెంపుడు పిల్లులకు శస్త్రచికిత్స చేయించడం, ఇంట్లోనే ఉంచి తిండి పెట్టడం ఆ స్త్రీ చేసిన పనికి సరిగ్గా వ్యతిరేకం. అడవి పట్టిన వాటిని వేరే దారి లేనప్పుడు, బాధ లేకుండా, బోనులో గంటల తరబడి వదిలేయకుండా చంపితే దాన్ని హరామ్ అనలేను. ఇంతవరకు చెప్పాను.

అతడు అక్కడి సంగతులు మరికొన్ని చెప్పాడు. ఆ దీవికే ప్రత్యేకమైన క్షీరదాలు ఐదు ఉండగా, ఇప్పుడు నిశ్చయంగా మిగిలింది పండ్లు తినే గబ్బిలం ఒక్కటే. చిన్న గబ్బిలం జాతి ఒకటి 2009 ఆగస్టు తరువాత ఎవరికీ కనిపించలేదు, వినిపించలేదు. ఆ నేరమంతా పిల్లి మీద మోపడం న్యాయం కాదు. ఓడల్లో వచ్చిన ఎలుకలు, వాటి వ్యాధులు, పాములు, చీమలు అన్నీ చేయి వేశాయి. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో మాత్రం ఇరవైకి పైగా క్షీరద జాతులు అంతరించడంలో పిల్లుల పాత్ర ఉందంటున్నారు. అక్కడ పిల్లులు ఏడాదికి 37.7 కోట్ల పక్షులను చంపుతాయని 2017లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. 2015లో ప్రభుత్వం ఐదేళ్లలో ఇరవై లక్షల అడవి పిల్లులను తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. మాక్వారీ అనే మరో దీవిలో 2000 నాటికి పిల్లులన్నిటినీ తొలగిస్తే, కుందేళ్లు విపరీతంగా పెరిగి కొండవాలుల పచ్చదనాన్ని మేసేశాయి. తరువాత కుందేళ్లనూ ఎలుకలనూ కూడా తొలగించాల్సి వచ్చింది. ఒక చోట చేయి పెట్టే ముందు నాలుగు వైపులా చూడాలని ఆ సంగతి విన్నప్పుడు అనిపించింది. ఆ దేశంలో వాడే విషపు ఎరల విషయంలో మాత్రం నా మనసు ఇప్పటికీ కుదుటపడలేదు. పదునైన కత్తి షరతు విషానికి ఎలా వర్తిస్తుందో నాకంటే పెద్ద ఆలిములు చెప్పాలి.

మా మదరసాలో చంపవలసిన అవసరం లేదు. మత్బఖ్ వెనుక పళ్లెం తీయించేశాను. సామాను గదిలో రెండు పూటలా కొలత ప్రకారం తిండి పెట్టి, మగ్రిబ్ నుండి సూర్యోదయం దాకా పిల్లులను అక్కడే ఉంచి తలుపు వేస్తున్నాం. శస్త్రచికిత్స చేసినంత మాత్రాన పిల్లి వేట మానదు కాబట్టి ఈ తలుపు తప్పదు. బియ్యం బస్తాల దగ్గర ఎలుకలూ తగ్గాయి. పిల్ల కూనలను నలుగురు ఊరివాళ్లు పెంచుకుంటామని తీసుకుపోయారు. ఐదింటికి పట్టణంలోని పశువైద్యశాలలో శస్త్రచికిత్స అయింది. గుర్తు కోసం చెవి కొన కత్తిరిస్తామని డాక్టరు గారు అన్నప్పుడు, చెవి మెలిపెట్టకూడదన్న మాట గుర్తొచ్చి నేను తటపటాయించాను. మత్తులో ఉండగానే చేస్తామన్నాక ఒప్పుకున్నాను.

ఆ పిల్లవాణ్ణి పిలిచి, నీ ప్రశ్నకు జవాబు మన దగ్గరే ఉందని చెప్పాను. ఇప్పుడు రాత్రి తలుపు గడియ వేసే బాధ్యత అతడిదే. ఈ వేసవిలో తీతువు కంకర జాగాలోకి రాలేదు. చెరువు వైపు నుండి కూత మాత్రం వినిపిస్తోంది. శస్త్రచికిత్స కాని పిల్లులు ఇంకా రెండున్నాయి. వాటిలో ఒకటి చూలుతో ఉన్నట్టుంది. గురువారం పశువైద్యశాలకు వెళ్లాలి. బుట్ట సిద్ధంగా ఉంచమని బావర్చీ సాహెబ్‌కు చెప్పాను.