ఒక చెవికే వినిపించే ఇయర్‌ఫోన్స్

హాస్టల్‌లో మా రూమ్‌లో ముగ్గురం. ఒకడిది జనగామ, ఒకడిది భూపాలపల్లి, నాది మహబూబాబాద్ దగ్గర ఒక తండా. సర్టిఫికెట్లలో మహబూబాబాద్ అని ఉంటది గానీ మా నోళ్లల్లో ఎప్పుడూ మానుకోటే. చిన్నప్పుడు ముగ్గురిదీ ఒకటే వరంగల్ జిల్లా. 2016 దసరా నాడు జిల్లాలు విడగొట్టినంక మూడు జిల్లాల పిల్లలమైనం. ఇంజనీరింగ్ పుణ్యమా అని మళ్లీ ఒకే గదిలో పడ్డం.

మా ముగ్గురి ఉమ్మడి ఆస్తి ఒక జత ఇయర్‌ఫోన్స్. అందులో కుడి వైపుది ఫస్టియర్‌లోనే పోయింది. పాటలకైతే అది పనికిరాదు. మాటలకు మాత్రం ఒక చెవి చాలు. మా రూమ్‌లో పాడ్‌కాస్టులు మొదలవడానికి అసలు కారణం ఇదే. ఎడిటర్ అక్క "నీకు నచ్చిన పాడ్‌కాస్టులు ఒక పది రాసియ్యి" అంది. పది రాయలేను అక్కా. మా ఎడమ చెవిలో నిలబడ్డవి మాత్రం చెప్తా.

నాకు ఇది సరదాగా మొదలవలేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంట్లో తెలుగు కూడా కాదు, గోర్ బోలి. అంటే క్లాసులో సార్ చెప్పే ఇంగ్లిష్ నాకు మూడో భాష. ఫస్టియర్‌లో సార్ ఒక వాక్యం చెప్తుంటే నేను దాని ముందటి వాక్యాన్ని తెలుగులోకి మార్చుకుంటూ ఉండేవాణ్ణి. అట్ల గంటలో సగం క్లాసు పోయేది. మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ పడ్డది. "పుస్తకం కాదురా, ముందు నీ చెవి పాసవ్వాలె" అని ఒక సీనియర్ అన్న చెప్పిండు.

ఆయన చెప్పింది 'ఇన్ అవర్ టైమ్'. బీబీసీ రేడియో 4లో 1998 నుంచి వస్తున్న కార్యక్రమం. దాన్ని చాలా ఏళ్లు మెల్విన్ బ్రాగ్ నడిపారు. పద్ధతి చాలా సాదా. ఒక విషయం, ముగ్గురు ప్రొఫెసర్లు, ముప్పావుగంట. సంగీతం లేదు, హడావిడి లేదు. సున్నా గురించి ఒక ఎపిసోడ్, మ్యాక్స్‌వెల్ గురించి ఒకటి, పీ వర్సెస్ ఎన్‌పీ గురించి ఒకటి. మొదట్లో నాకు పదిలో మూడు మాటలు అందేవి. స్పీడ్ 0.8కి తగ్గించి విన్నా. అప్పుడు ఆ ప్రొఫెసర్లు కల్లు తాగినట్టు సాగదీసి మాట్లాడతారు, నవ్వొస్తది. కానీ అర్థమవుతది.

అందులో 'ఈ' అనే సంఖ్య మీద ఎపిసోడ్‌ను మానుకోట నుంచి వరంగల్ వచ్చే రైల్లో విన్నా. కేసముద్రం దాటుతుంటే మొదలుపెట్టా. 2.718 అని బట్టీ కొట్టిన ఆ సంఖ్య మొదట దొరికింది మిత్తి లెక్కల్లోనట! 1 రూపాయికి ఏడాదికి నూటికి నూరు మిత్తి అనుకుందాం. ఏడాదికోసారి కడితే 2 రూపాయలు. ఆర్నెల్లకోసారి మిత్తిని అసలులో కలిపితే 2.25. నెలనెలా కలిపితే 2.61. రోజూ కలిపినా, క్షణక్షణం కలిపినా ఎంతో పెరగదు, 2.718 దగ్గర ఆగిపోతది. జేకబ్ బెర్నూలీ దీన్ని పట్టుకున్నది ఇట్లనే. నాకు ఒక్కసారి మా బాపు గుర్తొచ్చిండు. పత్తి విత్తనాలకు రెండు రూపాయల మిత్తికి తెచ్చిన పైసల లెక్క ఆయన నోటితోనే కట్టేవాడు. మా ఇంట్ల రోజూ ఉన్న మనిషినే నేను బ్యాక్‌లాగ్ పేపర్ల కలవలేదన్నమాట. ఆ సబ్జెక్ట్ పాసైన. మార్కులు అడగొద్దు.

భూపాలపల్లోడు సివిల్. వాళ్లూరికి రైలు లేదు, పరకాల మీదుగా బస్సే. ఆ బస్సులో వాడు వినేది '99 పర్సెంట్ ఇన్విజిబుల్'. రోమన్ మార్స్ 2010లో మొదలుపెట్టిన పాడ్‌కాస్ట్. మనం రోజూ చూస్తూ కూడా గమనించని డిజైన్ల గురించి ఉంటుంది. అందులో 'స్ట్రక్చరల్ ఇంటెగ్రిటీ' అనే ఎపిసోడ్‌ను సివిల్ వాళ్లే కాదు, ఏ బ్రాంచ్ వాళ్లయినా వినాలి. న్యూయార్క్‌లో సిటీకార్ప్ సెంటర్ అని 59 అంతస్తుల భవనం. మూలన చర్చి ఉండటంతో స్తంభాలను మూలల్లో కాకుండా ఒక్కో వైపు నడుమ నిలబెట్టారు. 1978లో డయాన్ హార్ట్‌లీ అనే విద్యార్థిని థీసిస్ రాస్తూ ఒక ప్రశ్న అడిగింది. గాలి ఎదురుగా కాకుండా మూలల మీద కొడితే ఏమవుతుంది? ఆ భవనం ఇంజనీర్ విలియం లెమెజూరియర్ మళ్లీ లెక్క చూసుకున్నాడు. వెల్డింగ్ చేయాల్సిన జాయింట్లకు బోల్టులు వేశారని కూడా అప్పటికి తెలిసింది. రాత్రిపూట ఎవరికీ చెప్పకుండా ఆ జాయింట్లకు వెల్డింగ్ చేయించారు. 1995 దాకా ఈ సంగతి జనానికి తెలియదు.

ఇది విన్న రోజు వాడు అన్నం తినలేదు. "మా జిల్లాల మేడిగడ్డ ఉంది కదరా" అన్నడు. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగినయి. ఆ తర్వాత టీవీల్లో, చాయ్ హోటళ్లల్లో అందరూ పార్టీల గురించే కొట్లాడుకున్నరు. "ఇసుక మీద పునాది ఎట్ల వేస్తరు, సీకెంట్ పైల్స్ అంటే ఏంది, నీళ్లు కిందికెళ్లి ఇసుకను ఎట్ల తీసుకపోతయి, ఇవి తెలుగులో మా నాయనకు అర్థమయ్యేటట్టు చెప్పినోడు ఒక్కడు లేడు" అన్నడు. నిజమే. ఎక్కడో న్యూయార్క్ బోల్టుల గురించి మాకు తెలుసు, బస్సెక్కితే చేరే బ్యారేజీ గురించి తెలియదు. ఈ పత్రిక చదివే సివిల్ వాళ్లకు ఇది ఒక పనిగా అప్పజెప్తున్నా.

జనగామోడికి క్రైమ్ కావాలి. వాడు మమ్మల్ని 'సీరియల్' లోకి దింపిండు. 2014లో సారా కీనిగ్ చేసిన 12 ఎపిసోడ్లు. బాల్టిమోర్‌లో 1999లో హే మిన్ లీ అనే హైస్కూల్ అమ్మాయి హత్య, ఆ కేసులో శిక్ష పడ్డ అద్నాన్ సయ్యద్. ఆరు వారాల కింద ఫలానా రోజు నువ్వెక్కడున్నవో చెప్పగలవా అన్న ప్రశ్న దగ్గర కథ మొదలవుతది. జనగామోడు మమ్మల్ని కూడా అదే అడిగిండు. మెస్‌లో ఏం తిన్నమో కూడా ఎవరికీ గుర్తు లేదు. సయ్యద్ 2022లో జైలు నుంచి బయటికొచ్చినా కోర్టుల మలుపులు ఆ తర్వాత కూడా నడిచినయి. వినండి, కానీ ఒక మాట. మూడో ఎపిసోడ్‌కి మేం ముగ్గురం 'ఎవరు చేసిండ్రు' అని పందెం కాసుకున్నం. ఆ అమ్మాయి పేరు మాత్రం మాకెవరికీ నోట్లోకి రాలేదు. సిగ్గేసింది. క్రైమ్ పాడ్‌కాస్టులు వినేటప్పుడు చచ్చిపోయిన మనిషి పేరు గుర్తుపెట్టుకోండి. అంతే.

తెలుగులో మొదటి పేరు 'హర్షణీయం'. కథలు చదివి వినిపిస్తారు, రచయితలతో, అనువాదకులతో మాట్లాడతారు. మన క్లబ్ వాళ్లకు సిలబస్ లాంటిది. రెండోది కిరణ్‌ప్రభ గారి టాక్ షోలు. అమెరికాలో ఉంటూ 'కౌముది' వెబ్ పత్రిక నడిపే ఆయన, సినిమావాళ్ల నుంచి చరిత్ర పురుషుల దాకా ఎవరి జీవితాన్నయినా పక్కింటి పెద్దమనిషి చెప్పినట్టు చెప్తారు. యూట్యూబ్‌లో ఉన్నాయి. మీ నాన్నకు ఒకటి పంపి చూడండి, తర్వాత ఫోన్ మీకు దొరకదు. నవలలు వినాలంటే 'దాసుభాషితం' యాప్ ఉంది.

ఇవన్నీ విని జనగామోడి తాత ఒక్క మాట అన్నడట: "గింత మాత్రానికి పోడుకాస్టా? మా చుక్క సత్తయ్యను ఇన్నవా?" చుక్క సత్తయ్య గారిది జనగామ దగ్గర లింగాలఘనపురం మండలం మాణిక్యపురం. ఒగ్గుకథకు ఆయనంత పేరు తెచ్చినవాళ్లు తక్కువ. 2017 నవంబర్‌లో పోయారు. ఒగ్గుకథ గమనించి చూస్తే పక్కా టూ హోస్ట్ షో. ఒకరు కథ చెప్తుంటే పక్కన ఒకరు అడ్డం పడుతూ, నవ్విస్తూ, మనం అడగాల్సినవి అడుగుతుంటరు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ, ఒక్కొక్కటి ఒక సీజన్. అదే జిల్లా దేవరుప్పుల మండలం నుంచి చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. అంటే ఆ దిక్కు వాళ్లకు వినడం అనేది మనలాగ కొత్తగా పట్టుబడ్డ అలవాటు కాదు.

తాత మాట నన్ను గుచ్చింది. జనగామోడికి తాత కాలం క్యాసెట్లున్నయి. నాకేం ఉంది?

మా గోర్ బోలికి సొంత లిపి లేదు. రాసుకోవాలంటే తెలుగు అక్షరాలో, ఇంకోటో అరువు తెచ్చుకోవాలి. అంటే మా భాషలో ఉన్నదంతా గొంతులోనే ఉంది. మా దాది ఢావ్లో బాగా పాడేది. పెళ్లయి పిల్ల అత్తగారింటికి పోతుంటే వాటేసుకుని ఏడుస్తూ పాడే పాటలు అవి. తండాలో ఏ ఇంట్ల పెళ్లయినా దాదిని పిలిచేవాళ్లు. ఫస్టియర్ సెలవుల్లో ఒకసారి ఫోన్‌లో రికార్డ్ చేసిన, నలభై సెకన్లో ఎంతో. సెమిస్టర్ పరీక్షలప్పుడు స్టోరేజ్ నిండి, పీడీఎఫ్‌లకు జాగా కావాలని పాత ఫైళ్లన్నీ డిలీట్ కొట్టిన. మళ్లీ పోయినప్పుడు పాడించుకోవచ్చులే అనుకున్న. సెకండియర్ చలికాలంలో దాది పోయింది. బాల్టిమోర్ వాళ్ల గొంతులు పన్నెండు ఎపిసోడ్లు గుర్తున్నయి నాకు.

ఏడ్వడానికి రాయట్లేదు. మనం ఇంజనీరింగ్ పిల్లలం కదా, పనిముట్టు గురించి చెప్తా. 'పాడ్‌కాస్ట్' అనే మాట 2004లో బెన్ హామర్స్‌లీ అనే జర్నలిస్ట్ గార్డియన్ పత్రికలో రాసిన వ్యాసంలో కనిపించింది. ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ రెండూ కలిపిన మాట. విప్పి చూస్తే లోపల ఉన్నది రెండే: ఒక ఆడియో ఫైలు, అది ఎక్కడుందో చెప్పే ఒక ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్. ఆ ఫీడ్ ఎక్స్‌ఎంఎల్‌లో రాసిన ఒక చిన్న ఫైలు, అంతే. స్టూడియో అక్కర్లేదు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. రికార్డ్ చేసేటప్పుడు ఫ్యాన్ బంద్ చేయండి, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో పెట్టండి, ఫైలును రెండు చోట్ల దాచండి. మూడోది నేను నేర్చుకున్న పాఠం.

పోయిన తీజ్ పండుగకు ఇంటికి పోయినప్పుడు యాడిని కూర్చోబెట్టి ఫోన్ ముందర పెట్టిన. దాది పాడే ఢావ్లోలు ఆమెకు సగం సగం వస్తయి. ఒకటి మొదలుపెట్టి, మధ్యలో మరిచిపోయి, పక్కింటి పెద్దమ్మను కేకేసింది. ఆమె వచ్చి "అది కాదే, ఇట్ల" అని సరిచేసింది. ఇద్దరూ కాసేపు కొట్లాడుకున్నరు. తర్వాత నవ్వుకున్నరు. చివరికి యాడి ఫోన్ దిక్కు చూసి, "ఇదంతా ఎవరింటర్రా?" అని మా భాషలో అడిగింది.

అదీ రికార్డయింది. ఎపిసోడ్ ఒకటి, 19 నిమిషాలు. ఇంకా ఎక్కడా పెట్టలేదు. ముందు యాడిని అడగాలి. ప్రస్తుతానికి మా రూమ్‌లో ముగ్గురం వింటున్నం, ఒకరి తర్వాత ఒకరం, ఎడమ చెవితో. భాష రాకపోయినా భూపాలపల్లోడు ఆ కొట్లాట దగ్గర ప్రతిసారీ నవ్వుతడు.