మార్కెట్లో ఆగిన పరుగు

పిల్లలు రాసుకున్న కథ చాలా చిన్నది. ఒక కుర్రాడు స్నేహితుడి సంచి లాక్కుని పారిపోతాడు. మిగతా నలుగురు వెంటపడతారు. బస్టాండు, బజారు, సందులు దాటి చివరికి సముద్రం ఒడ్డున ఇసుకలో కూలబడతాడు. సంచి విప్పితే అందులో సీతాఫలాలు. అందరూ కూర్చుని పంచుకు తింటారు. నాలుగు నిమిషాల వీడియో. రాసింది మా ఆశ్రమ పాఠశాల తొమ్మిదో తరగతి పిల్లలు. వెంట ఉన్నది ఇద్దరు ఉపాధ్యాయులం. పిల్లలూ మేమూ, అందరం ఆదివాసులమే.

ముందు ఊళ్లోనే తీసి చూశాం. ఫోను అడ్డంగా పట్టుకోవాలని, ఎడమ నుంచి కుడికి పరిగెత్తినవాడు తర్వాతి ముక్కలోనూ అటే పోవాలని, లేకపోతే వెనక్కి తిరిగి వస్తున్నట్టు కనబడుతుందని తీస్తూ తీస్తూ నేర్చుకున్నాం. ఇలా తరుముకునే సినిమాలు ఎంత పాతవో కూడా పిల్లలకి చెప్పాం. 1901లోనే ఇంగ్లండులో జేమ్స్ విలియమ్సన్ అనే ఆయన ‘స్టాప్ థీఫ్!’ అని చిన్న సినిమా తీశాడు. దొంగని ఆపండి అని అర్థం. ఇల్లూ వాకిలీ లేని ఒక మనిషి మాంసం కొట్టువాడి దగ్గర మాంసం లాక్కుని పరిగెడతాడు. కొట్టువాడు తరుముతాడు, కుక్కలు తరుముతాయి. వాడు పీపాలో దాక్కుంటే కుక్కలూ అందులోకే దూకుతాయి. చెబుతుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. మేమూ నవ్వాం.

ఊళ్లో తీసింది బాగానే ఉంది గానీ అందులో వేగం లేదు. వెనక కొండ కదలకుండా నిలబడి ఉంటే, వాడు ఎంత పరిగెత్తినా నెమ్మదిగానే కనబడుతున్నాడు. మధ్యలో మనుషులు, బళ్లు, స్తంభాలు దాటిపోతుంటేనే పరుగు పరుగులా ఉంటుందని పిల్లలే కనిపెట్టారు. “వైజాగ్‌లో తీద్దాం మాష్టారూ” అన్నారు. ఒక శనివారం పాడేరు ఘాట్ దిగి, మాడుగుల, చోడవరం మీదుగా విశాఖపట్నం చేరాం.

సంచి లాక్కునేది ఎవరన్న దాని మీద పెద్ద చర్చ జరగలేదు. అందరికంటే వేగంగా పరిగెత్తేది ఒక కోందు పిల్లాడు. ఇంట్లో కువి మాట్లాడతాడు, తెలుగు బడిలో నేర్చుకున్నాడు. నల్లగా, సన్నగా, జుట్టు రేగి ఉంటాడు. “దొంగంటే వీడే కరెక్టు” అన్నారెవరో. అన్నది పిల్లలా మేమా అని ఇప్పుడు ఎంత వెతుక్కున్నా జ్ఞాపకం రావడం లేదు. ఎవరన్నా, కాదన్నవాళ్లు మాత్రం లేరు. పాత చొక్కా ఒకటి వేయించాం. పాత్రకి సరిపోయిందనుకున్నాం.

బస్టాండు దగ్గర తియ్యడం సాఫీగానే అయింది. అక్కడినుంచి పూర్ణా మార్కెట్‌కి వెళ్లాం. సందుకి ఈ చివర ఒకరం, ఆ చివర ఒకరం ఫోన్లతో నిలబడ్డాం. జనం కెమెరా వంక చూస్తే సహజంగా ఉండదని ఫోన్లు కూరగాయల బుట్టల చాటున ఉంచాం. కొట్లవాళ్లకి ఒక్క మాట కూడా చెప్పలేదు.

వాడు పరిగెత్తాడు. వెనక నలుగురు “పట్టుకోండి, పట్టుకోండి” అని అరుస్తూ వచ్చారు. కథలో రాసుకున్న మాటే అది. ఊళ్లో అదే మాట అరిచినప్పుడు అరుగు మీద ముసలివాళ్లు తల కూడా ఎత్తలేదు. ఎవరి కొడుకో, ఎవరి సంచో వాళ్లకి తెలుసు. ఇక్కడ ఆ మాట సందు సందంతా విన్నది. ఉల్లిపాయల బస్తా దించుతున్న మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంకొకాయన కాలరు పట్టుకున్నాడు. చెంప మీద ఒకటి పడింది.

“ఎవల్రా నువ్వు? ఏ ఊరు? సంచి ఎవలిది?”

వాడికి తెలుగు వచ్చు. తరగతిలో పద్యాలు తడుముకోకుండా అప్పజెబుతాడు. ఆ క్షణంలో నోటికొచ్చింది మాత్రం కువి. “చూశావా, ఇక్కడోడు కాదు” అన్నారెవరో. “ఫోటో తియ్యండి ముందు” అన్నారు ఇంకెవరో. మూడు నాలుగు ఫోన్లు పైకి లేచాయి. మా ఫోను అప్పటికే తీస్తూనే ఉంది.

జనాన్ని తోసుకుంటూ వెళ్లాం. “షూటింగండీ, మా స్కూలు పిల్లలు” అని ఫోను చూపించాం, మెడలోని గుర్తింపు కార్డులు చూపించాం. గుంపు ఒక్కసారిగా నవ్వేసింది. “ముందే చెప్పొద్దా మాష్టారూ!” అన్నారు. కొట్టినాయన నిజంగానే నొచ్చుకున్నాడు. సోడా తెప్పించి పిల్లాడి చేతిలో పెట్టాడు. “నిజం దొంగలాగే ఉన్నాడు బాబూ, అందుకే” అన్నాడు. చెడ్డమనిషి కాదు. మాకు ఎక్కువ భయం వేసింది అందుకే. ఇద్దరు కుర్రాళ్లు తమని కూడా వీడియోలో పెట్టమని అడిగారు. మా పిల్లాడు సోడా తాగలేదు. సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆ రాత్రి బస చేసినచోట పిల్లలు పడుకున్నాక మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. 2018 ఫిబ్రవరిలో కేరళలోని అట్టపాడిలో, బియ్యం దొంగిలించాడని ఒక ఆదివాసీ యువకుణ్ణి అడవిలోంచి పట్టుకొచ్చి, చేతులు కట్టి కొట్టారు. అతని ముందు నిలబడి సెల్ఫీ తీసుకున్నారు. పోలీసు జీపులో ఆసుపత్రికి తీసుకెళ్తుండగా ప్రాణం పోయింది. 2023లో కోర్టు 14 మందిని దోషులుగా తేల్చింది. మా పిల్లాడి మీద పడింది ఒక్క దెబ్బే, అరనిమిషంలో మేము వెళ్లగలిగాం. వెళ్లడం ఆలస్యమై ఉంటే? మా మెడలో కార్డులు లేకపోయి ఉంటే? మాంసం కోసం పరిగెత్తి పీపాలో దాక్కున్న ఆ పాత సినిమా మనిషి గుర్తొచ్చాడు. ఈసారి నవ్వు రాలేదు.

1871లో తెల్లదొరలు కొన్ని తెగలని పుట్టుకతోనే నేరస్తులుగా చూసే చట్టం తెచ్చారు. 1952లో అది రద్దయింది. చట్టం పోయినా ఆ చూపు పోలేదని మన సభల్లో మేమే చాలాసార్లు మాట్లాడాం. ఆ చూపు మాలోనూ ఉందని ఆ రాత్రి ఒప్పుకోవలసి వచ్చింది. “దొంగంటే వీడే కరెక్టు” అన్నది మార్కెట్ వాళ్లు కాదు. వాడికి పాత చొక్కా తొడిగింది వాళ్లు కాదు.

పొద్దున్న వాడు “నేను పరిగెట్టను మాష్టారూ” అన్నాడు. సరే అన్నాం. వీడియో మానేద్దామా అంటే మిగతా పిల్లలు ఊరుకోలేదు. చివరికి మా ఇద్దరిలో చిన్నవాడైన మాష్టారు సంచి పట్టుకుని పరిగెత్తేలా కథ మార్చారు. ఫోను ఆ పిల్లాడి చేతికిచ్చాం.

సాయంత్రం బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ బళ్లవాళ్లకి, మొక్కజొన్న పొత్తులవాళ్లకి ముందే చెప్పాం. దారినపోయేవాళ్లందరికీ చెప్పలేం కదా. టక్ చేసిన చొక్కా, మెడలో కార్డు, చేతిలో అదే సంచితో మాష్టారు పరిగెత్తారు. జనం పక్కకి జరిగి దారిచ్చారు. “బస్సు తప్పిపోతాదేమో పాపం” అన్నదొకావిడ. వెనక వస్తున్న మా పిల్లల్ని మాత్రం ఒక పెద్దాయన చేతులు చాచి ఆపేశాడు. “ఏటర్రా, మాష్టారి ఎనక పడ్డారు?” అని గట్టిగా అడిగాడు. సంచి పట్టుకుని పారిపోయేవాడికి దారి దొరికింది, సంచి పోగొట్టుకున్నవాళ్లు ఆగిపోయారు. ఫోను పట్టుకున్న పిల్లాడు నవ్వాడు. నిన్నటినుంచి వాడు నవ్వడం అదే మొదటిసారి. ఆ ముక్కలో బొమ్మ కొంచెం ఊగుతుంది. దాన్ని అలాగే ఉంచాం.

చెంపదెబ్బ కూడా మా ఫోనులో రికార్డయింది. ఉంచాలా తీసెయ్యాలా అని మేము ఏవేవో వాదించుకున్నాం. లోకానికి చూపించాలన్నాం, మళ్లీ వద్దనుకున్నాం. ఆఖరికి వాణ్ణే అడిగాం. “తీసెయ్యండి. మాయమ్మ చూస్తాది” అన్నాడు. తీసేశాం.

ఇప్పుడు ఏ పాత్రయినా చీటీలు వేసి పంచుకుంటున్నాం. బయట తియ్యాలంటే ముందు ఆ చుట్టుపక్కలవాళ్లకి చెబుతున్నాం. ప్రతి పిల్లాడి మెడలో బడి కార్డు ఉంటోంది. పరిగెత్తేవాళ్ల పక్కనే పెద్దవాళ్లు ఒకరు ఉంటున్నారు.

వీడియోలో పిల్లాడు సంచితో మార్కెట్ సందులోకి పోతాడు. తర్వాతి ముక్కలో అదే సంచితో మాష్టారు బీచ్ రోడ్డు మీద ఉంటారు. బడిలో చూపించినప్పుడు అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: సంచి మాష్టారి చేతికి ఎలా వచ్చింది? అక్కడ మేము జవాబు చెప్పలేదు. వాణ్ణి అడిగి ఇక్కడ రాస్తున్నాం. పేరు మాత్రం వద్దన్నాడు.