పాలమూరు ఎండలో... జున్నూ, తునకలూ!

'నాన్నా, చీజ్ మనింట్లోనే చేసుకోలేమా? సాసేజ్ కూడా?'

సూపర్‌మార్కెట్లో ఫ్రిజ్ అద్దాల ముందు నిలబడి పదకొండేళ్ల మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. చేతిలో ఉన్న రెండు ప్యాకెట్ల ధరా చూసి, 'ఎందుకు చేసుకోలేం!' అనేశాను. అనడం తేలికే. ఎలా చేయాలో తెలిస్తే కదా! పుస్తకాలు తిరగేస్తే చీజ్ మాగడానికి పది, పన్నెండు డిగ్రీల చల్లదనం కావాలట. గాలిలో బాగా తేమ ఉండాలట. వీలైతే నేలమాళిగ ఉంటే మంచిదట. హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో నేలమాళిగ ఎక్కణ్నుంచి తెచ్చేది?

అప్పుడు గుర్తొచ్చింది అమ్మ కట్టిన దండెం.

నా చిన్నప్పుడు అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మాంసం ఎక్కువ వచ్చిన రోజున అమ్మ దాన్ని పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, తాడు మీద ఆరేసేది. డాబా మీద మంచి ఎండ ఉన్నా పైకి తీసుకెళ్లేది కాదు. ఇంటి యజమాని చూస్తే ఖాళీ చేయమంటాడని భయం. వంటింట్లో పొయ్యి పైనే కట్టేది దండెం. 'ఎవరైనా అడిగితే ఏం చెప్పాలమ్మా?' అంటే, 'బట్టలారేసినమని చెప్పు' అనేది. అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఎలా చేసేదో ఒక్కసారీ అడగలేదు నేను. మా అమ్మాయికి ఆ తునకల పేరు కూడా చెప్పలేదు.

అందుకే మార్చి చివర్లో సెలవు పెట్టి ముగ్గురం పాలమూరు బయల్దేరాం. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా 2016 అక్టోబరు 11న విడిపోయి ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలు. మాకు మాత్రం మూడూ చుట్టాలిళ్లే!

దూడ తాగాకే మనకు...

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటితే వచ్చేది నడిగడ్డ. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర... మధ్యలో గద్వాల. సోమనాద్రి కట్టించిన కోట, లోపల చెన్నకేశవస్వామి గుడి, మగ్గాల మీద చీరలు... చూసేవాళ్లకు చూసినంత. మేం మాత్రం నేరుగా పెద్దమ్మ ఇంటి దొడ్లోకి వెళ్లాం. అక్కడ బర్రె ఈని రెండు రోజులైంది.

'తొలినాటి పాలు దుడ్డెకే బిడ్డా! దాని కడుపు నిండినంకనే మనం గిన్నె పట్టాలె' అంది పెద్దమ్మ, మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని.

ఆ మాటలో శాస్త్రం ఉంది. దూడ పుట్టినప్పుడు దాని ఒంట్లో రోగాల్ని ఎదుర్కొనే శక్తి దాదాపు ఉండదు. ముర్రుపాలలోని రక్షక ప్రొటీన్ల నుంచే అది రావాలి. అవీ మొదటి కొన్ని గంటల్లో తాగితేనే బాగా ఒంటబడతాయి. ఆ ప్రొటీన్ల పుణ్యమే మన జున్ను కూడా! వేడి తగలగానే అవి గట్టిపడతాయి. అందుకే జున్నుకు నిమ్మరసం అక్కర్లేదు, తోడు అక్కర్లేదు.

పెద్దమ్మ ఒక గ్లాసు జున్నుపాలకు రెండు గ్లాసుల మామూలు పాలు కలిపింది. బెల్లం తురుము, మిరియాల పొడి, యాలకులు వేసి కరిగేదాకా తిప్పింది. ఆ గిన్నెను నీళ్లున్న పెద్ద గిన్నెలో పెట్టి, మూతపెట్టి పాతిక నిమిషాలు ఆవిరి పట్టించింది. పుల్ల గుచ్చితే శుభ్రంగా బయటికి వచ్చింది. అంతే!

'నాన్నా, ఇది చీజేగా?' అంది మా అమ్మాయి. నిఘంటువు చూస్తే చీజ్‌కు తెలుగు మాట జున్నే. చేసే పద్ధతి మాత్రం వేరు. చీజ్‌కు మామూలు పాలు చాలు. గోరువెచ్చని పాలకు తోడు వేసి, రెన్నెట్ అనే పదార్థంతో గట్టిపరుస్తారు. ఆ గడ్డను కోసి, విరుగుడు నీళ్లు వార్చి, ఉప్పేసి, బరువు పెట్టి, మాగబెడతారు. రెన్నెట్‌ను పూర్వం పాలుతాగే దూడ పొట్టలోంచి తీసేవారు. ఇప్పుడు సూక్ష్మజీవులతో తయారైన శాకాహార రెన్నెట్ దొరుకుతోంది.

ఇన్ని గొర్రెలున్నా...

మర్నాడు శనివారం. పెబ్బేరు సంత. ఎటు చూసినా మేకలు, గొర్రెలు, పశువులు, బేరాలు! 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. సుమారు 1.9 కోట్లు! సంతలో నిలబడితే ఆ లెక్క ఎవరికైనా నమ్మబుద్ధవుతుంది.

ఫ్రాన్స్ వాళ్ల రోక్‌ఫోర్ట్, గ్రీసు వాళ్ల ఫెటా గొర్రెపాల చీజ్‌లే. మరి ఇన్ని గొర్రెలున్న మనకు చీజ్ ఎందుకు లేదు? గొంగడి నేయడానికి ఉన్నినిచ్చే మన దక్కనీ గొర్రె పాలు దాని పిల్లకే సరిపోతాయి. రెండో కారణం, తలెత్తి చూస్తే తెలిసింది... ఎండ! చలీ తేమా ఉన్నచోట మనుషులు పాలనూ మాంసాన్నీ చీకటి గదుల్లో మాగబెట్టారు. ఎండా పొడిగాలీ ఉన్నచోట ఆరబెట్టారు. ఎక్కడైనా అసలు సమస్య ఒక్కటే. ఇవాళ మిగిలింది రేపటికి ఎలా దాచాలి? దక్షిణాఫ్రికా వాళ్లు బిల్టాంగ్ చేసుకున్నా, మనవాళ్లు తునకలు చేసుకున్నా అందుకే.

దండెం విద్య

వనపర్తిలో రాజాగారి భవనంలో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. దాన్ని బయటినుంచే చూసి, పక్క ఊళ్లో ఉన్న మేనత్త ఇంటికి చేరాం. సంతనుంచి తెచ్చిన యాటకూర ఆమె ముందు పెట్టి, 'అత్తా, తునకలు నేర్పు' అన్నాను. ఆమె నవ్వింది. 'మీ అమ్మకు నేర్పింది నేనే గదరా!'

నేను నోటుబుక్కు తీశాను. తొడ మాంసం మంచిది. కొవ్వు పూర్తిగా తీసేయాలి, లేకపోతే కొన్నాళ్లకు కంపు కొడుతుంది. పీచు వెంబడే, వేలు మందాన, జానెడు పొడుగున కోయాలి. ఉప్పు, పసుపు పట్టించి కాసేపు ఉంచి తాడు మీద వేయాలి. ఒకదానికొకటి తగలకూడదు. ఈగలు వాలకుండా పలుచటి బట్ట కప్పాలి. పొద్దుగూకగానే ఇంట్లోకి తేవాలి. మూడు నాలుగు రోజుల ఎండకు కిలో మాంసం మూడో వంతుకు దిగుతుంది. విరిస్తే పుల్లలా విరగాలి. మబ్బు పట్టిన రోజుల్లో అసలు మొదలుపెట్టకూడదు.

'ఒక్కో ఇంట్ల ఒక్కో మాంసం. తాడు మాత్రం అందరికీ ఒకటే' అంది అత్త. 'బొంబాయి పనికి పోయేటప్పుడు మీ మామ సద్దిల జొన్నరొట్టెలు, తునకలు కట్టిచ్చేదాన్ని. ఆడికి పొయ్యి పనిల కుదురుకునేదాక అవే కూర. గవి తినే బతికినం. ఇప్పుడు మా కోడలు దండెం కడితే సిగ్గంటది.'

కోడలు తల దించుకుంది. నేనూ దించుకున్నాను. సిగ్గుపడ్డది ఆమె ఒక్కతే కాదుగా!

రాత్రికి అత్త పాత తునకల్ని వేడినీళ్లలో నానబెట్టి, రోట్లో నలగ్గొట్టి, నూనెలో వేయించి, చింతచిగురుతో వండింది. మా అమ్మాయి మూడో రొట్టె అడిగింది.

పేగులోనే ఉంది కిటుకు

ఆదివారం నాగర్‌కర్నూల్. కేసరి సముద్రం చెరువు గట్టు మీద గాలి పీల్చుకుని, చిన్ననాటి స్నేహితుడి ఇంటికెళ్లాం. బోటి శుభ్రం చేయడంలో వాళ్లావిడది అందెవేసిన చేయి. పేగును తిరగేసి, చాలా నీళ్లలో కడిగి, లోపలి జిగురంతా గీకితే చివరికి పలుచటి గొట్టం మిగిలింది. దాన్ని ఉప్పులో దాచింది. సన్నటి సాసేజ్‌లకు ప్రపంచమంతా వాడేది ఈ గొర్రెపేగునే! మనం దాన్ని కూర వండుకుంటాం, వాళ్లు దాన్ని సంచిగా వాడుకుంటారు.

కిలో ఖైమాలో పావుకిలో కొవ్వు కలిపాం. అందులో నాలుగు చెంచాలు... అని నేను మొదలుపెడితే స్నేహితుడు కాటా తెచ్చాడు. మొత్తం మీద 22 గ్రాముల ఉప్పు, వెల్లుల్లి, మిరియాలు, ధనియాలు. ఖైమా, గిన్నె, చేతులు... అన్నీ చల్లగా ఉండాలి. వేడెక్కితే కొవ్వు కరిగి విడిపోతుంది. గరాటుతో పేగులోకి దూర్చాం. మొదటిది పగిలింది. రెండోది మెలితిరిగింది. మూడోది మాత్రం సాసేజే! మరగని వేడినీళ్లలో ఉడికించి, పెనం మీద ఎర్రగా కాల్చాం.

మీరూ మొదలుపెడతారా?

చీజ్‌కు ముందు పనీరుతో చేయి తిరగనివ్వండి. రెండు లీటర్ల గేదెపాలు మరిగించి నిమ్మరసం పిండండి. విరిగాక బట్టలో వార్చి గంటసేపు బరువు పెట్టండి. ఇంచుమించు 400 గ్రాములు వస్తుంది. విరుగుడు నీళ్లతో చపాతీపిండి కలపండి. చేయి కుదిరాక రెన్నెట్ సంగతి చూడొచ్చు. పచ్చిపాలతో మాత్రం వద్దు, పశువుల నుంచి జబ్బులు రావచ్చు.

తునకలు మండే ఎండల్లోనే చేయండి. పూర్తిగా ఎండాక ఓవెన్‌లో కాసేపు వేడిచేసి, గాలి చొరని డబ్బాలో దాచండి. వండేటప్పుడు బాగా ఉడకనివ్వండి. ఖైమాను మాత్రం ఎండబెట్టకండి.

సాసేజ్ తాజాగా చేసి ఆరోజే వండుకోండి. లోపల 71 డిగ్రీల వేడి తగలాలి. పేగు దొరక్కపోతే కబాబ్‌లా చేత్తో చుట్టినా చాలు. నెలలు నిల్వ ఉండే ఎండు సాసేజ్‌ల జోలికి కొత్తవాళ్లు వెళ్లొద్దు. గాలి ఆడనిచోట ప్రాణాంతకమైన విషం తయారవుతుంది. ఆ జబ్బు పేరు బోటులిజం. లాటిన్‌లో 'బోటులస్' అంటే సాసేజే మరి!

ఇంటికొచ్చాక వచ్చిన మొదటి సెలవునాడు మా బాల్కనీలో తాడు కట్టాం. కోసింది నేను, ఉప్పూ పసుపూ పట్టించింది మా అమ్మాయి. పక్క ఫ్లాట్ ఆవిడ తొంగిచూసి, 'ఏమిటవి?' అని అడిగింది. నా నోటిదాకా పాత జవాబే వచ్చింది.

'తునకలు ఆంటీ! మా నానమ్మ చేసేది. ఎండాక మీకూ పెడతాం' అంది మా అమ్మాయి.

నాలుగో రోజు సాయంత్రం ఆవిడే గిన్నె పట్టుకొచ్చింది!