మా వాడ ముచ్చట్లు – 17: సూది ఎందుకో చెప్పుండ్రి

పుట్టిన బిడ్డకు విటమిన్ కె సూది వద్దంటే "చదువు లేనోళ్లు" అంటరు. మరి అమెరికాల చదువుకున్నోళ్లు కూడా కొందరు ఎందుకు వద్దంటున్నరు? అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 1961 నుంచే వేయించుమంటున్నది.

సంగతి ఇది. నెత్తురు గడ్డకట్టాలంటే విటమిన్ కె కావాలె. ఏ బిడ్డయినా అది తక్కువతోనే పుడుతది. తల్లిపాలల్ల కూడా తక్కువే, అది తల్లి తప్పు కాదు. సూది పడకుంటే ఆరు నెలల లోపల కొందరు పిల్లలకు మెదడుల నెత్తురు కారొచ్చు. అరుదే, కానీ వస్తే ప్రాణం మీదికొస్తది. పుట్టంగనే తొడకు ఒక్క మిల్లీగ్రాము దాన్ని ఆపుతది. ఇది టీకా కాదు, విటమినే.

మా కమ్మర్‌పల్లిల పసుపు పరిశోధన కేంద్రమున్నది. దుంపకుళ్లు ఎందుకొస్తదో రైతుకు చెప్పేటోళ్లున్నరు. ఆ దుంపలు తవ్వే మా వాడ తల్లికి, బిడ్డ తొడకు ఏం గుచ్చుతున్నరో చెప్పేటోళ్లేరి?

మా చిన్నమ్మ బిడ్డ కాన్పప్పుడు అడిగింది: "ఏం సూది సిస్టర్?"

"చెప్తే నీకు సమజైతదా?" అన్నరట.

భయపడి వద్దన్నది. ఆశా అక్క పక్కన కూసోని చెప్పినంక తనే వేయించుమన్నది.

తమ్ములారా, చెల్లెలారా, వాడల్లకు పోయినప్పుడు సూది వేయించుమని చెప్పుండ్రి. ఎందుకో కూడా చెప్పుండ్రి. అడిగే తల్లి మొండిది కాదు. జవాబు ఆమె హక్కు.

జై భీమ్.