కాణీకి లక్షలిస్తారా?

పొలంలో పూడుకుపోయిన పైపు వాల్వ్ వెతకడానికి చిన్న మెటల్ డిటెక్టర్ కొన్నా. వాల్వ్‌తో పాటు ఓ రాగి నాణెం కూడా దొరికింది. నాన్న దాని ఫొటో ఓ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాడు. గంటలో ఎవరో ఫోన్ చేసి లక్షలిస్తామన్నారు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలట. నాన్న యూపీఐ తెరిచేశాడు.

'ఒక్కరోజు ఆగు నాన్నా, అదేంటో చూద్దాం' అన్నా.

అమ్మ చింతపండుతో తోముతానంది, వద్దన్నా. తోమితే మెరుస్తుంది గానీ పైపొరతో పాటు విలువా పోతుంది. నీళ్లతో కడిగి, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేశా. ఒకవైపు రెండు సింహాల ముద్ర, కింద 1835. రెండోవైపు ఆకుల దండలో 'వన్ క్వార్టర్ అణా', చుట్టూ ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు. అయస్కాంతానికి అంటుకోలేదు. కొత్తలో ఈ నాణెం బరువు దాదాపు 6.5 గ్రాములు. మాది అరిగి 6.1 తూగింది.

అంటే కాణీ. రూపాయికి 64. లెక్కలేనన్ని ముద్రించారు కాబట్టి, ఇలా అరిగినదానికి ధర వందల్లోనే. లక్షలంటూ తిప్పే రామదర్బార్ రాగి 'అణాలు' అయితే కంపెనీ నాణేలే కావు.

పాత నాణేల పేరుతో ఫీజులు అడిగేవాళ్లతో తనకు సంబంధం లేదని రిజర్వ్ బ్యాంక్ 2021లోనే హెచ్చరించింది. అది చూపిస్తే నాన్న ఫోన్ పక్కన పెట్టాడు.

ఇంకో మాట. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాలి. మా కాణీ ఆ గీత దాటింది. దరఖాస్తు నాన్నే రాశాడు.